ఇంటర్నెట్ ఫైబర్ కేబుల్ భూకంపాన్ని పసిగడుతుందా? మన టీ-ఫైబర్, ఏపీ ఫైబర్‌నెట్ ఇందుకు పనికొస్తాయా?

2024 డిసెంబర్ 4, ఉదయం 7.27 గంటలు. ములుగు జిల్లాలో భూమి కంపించింది. ఆ ప్రకంపనలు వరంగల్, ఖమ్మంతో పాటు హైదరాబాద్, విజయవాడ వరకూ తెలిశాయి. తీవ్రత 5.3 అని నేషనల్ సెంటర్ ఫర్ సీస్మాలజీ చెప్పేలోగానే, "మీకూ ఊగినట్టు అనిపించిందా?" అంటూ వాట్సాప్ గ్రూపులు మోగిపోయాయి.

ఆ మెసేజ్‌లను మోసుకెళ్లే ఫైబర్ కేబుళ్లలో చాలా భాగం భూమిలోనే ఉంటుంది. అంటే భూమి కదిలినప్పుడు అవీ కదిలాయి. ఆ కదలికను చదవగలిగితే కేబులే భూకంపాన్ని నమోదు చేసే పరికరం అవుతుంది. పదేళ్లుగా అమెరికా, యూరప్ దేశాల శాస్త్రవేత్తలు ఈ పనిలోనే ఉన్నారు. అది ఎలా సాధ్యం? మన దగ్గర ఎంతవరకు ఉపయోగం?

గాజు పోగుకు కంపం ఎలా తెలుస్తుంది?

ఫైబర్ కేబుల్‌లో వెంట్రుక మందాన గాజు పోగులు ఉంటాయి. మన డేటా వాటి గుండా కాంతి రూపంలో వెళ్తుంది. అయితే ఏ గాజూ నూటికి నూరు శాతం ఒకేలా ఉండదు. పోగు పొడవునా కంటికి కనిపించని హెచ్చుతగ్గులు ఉంటాయి. లేజర్ కాంతి వాటికి తగిలినప్పుడు అందులో అతి కొద్ది భాగం వెనక్కి వస్తుంది.

కేబుల్ ఒక చివర 'ఇంటరాగేటర్' అనే పెట్టెను అమర్చుతారు. అది సెకనుకు వందల నుంచి వేలసార్లు లేజర్ కాంతిని పంపి, వెనక్కి వచ్చినదాన్ని కొలుస్తుంది. భూమి కదిలినప్పుడు పోగు ఎక్కడో అణుమాత్రం సాగుతుంది లేదా కుంచించుకుపోతుంది. దాంతో ఆ చోటి నుంచి వెనక్కి వచ్చే కాంతి తీరు మారుతుంది. కాంతి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి ఆ మార్పు ఎన్నో మీటరు దగ్గర జరిగిందో లెక్కగడతారు.

దీన్నే 'డిస్ట్రిబ్యూటెడ్ అకూస్టిక్ సెన్సింగ్' అంటారు. క్లుప్తంగా డాస్. కొన్ని మీటర్లకో సెన్సర్ పెట్టినట్టు, ఒక్క పెట్టెతో పదుల కిలోమీటర్ల కేబుల్ పొడవునా కొలతలు అందుతాయి. ఇందుకోసం కొత్తగా తవ్వాల్సిన పని లేదు. కేబుళ్లలో వాడకుండా వదిలేసిన పోగులు సాధారణంగా ఉంటాయి. వాటిని 'డార్క్ ఫైబర్' అంటారు. డాస్‌కు అందులో ఒక్కటి చాలు. మన ఇంటర్నెట్‌కు అంతరాయం ఉండదు.

ఇది ప్రయోగశాల దాటిందా?

దాటింది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ క్యాంపస్‌లో సుమారు 5 కి.మీ. ఫైబర్‌తో 2016లో ప్రయోగం మొదలుపెట్టారు. ఏడాదిలో 800కు పైగా ప్రకంపనలు నమోదయ్యాయి. 2018లో కాలిఫోర్నియాలోని మాంటెరీ బే సముద్ర గర్భ కేబుల్‌లో 20 కి.మీ. భాగాన్ని నాలుగు రోజుల పాటు ఇలా వాడారు. అది 10 వేల సెన్సర్ల వరుసలా పనిచేసి, తీరానికి లోపల వచ్చిన 3.4 తీవ్రత భూకంపాన్ని పట్టుకుంది.

2021 జులైలో కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దుల్లో 6 తీవ్రతతో భూకంపం వచ్చింది. కాల్టెక్ శాస్త్రవేత్త జోంగ్‌వెన్ జాన్ బృందం ఆ దగ్గర్లోని 100 కి.మీ. ఫైబర్ రికార్డులను విశ్లేషించింది. మనకు ఒక్క భూకంపంలా అనిపించినది నిజానికి భూమి లోపల నాలుగు చోట్ల ఒకదాని వెంట ఒకటి జరిగిన చీలికల ఫలితమని తేల్చింది. అంత సూక్ష్మ వివరం మామూలు సీస్మోమీటర్ల నుంచి రావడం కష్టం.

నేరుగా జనానికి అక్కరకొచ్చిన ఉదాహరణ ఐస్‌లాండ్‌ది. 2023 నవంబర్‌లో అగ్నిపర్వతం ముప్పుతో గ్రిండావిక్ పట్టణాన్ని ఖాళీ చేయించారు. ఆ ప్రాంతంలోని టెలికాం ఫైబర్‌కు డాస్ పెట్టెను తగిలించి, భూగర్భంలో శిలాద్రవం కదలికలను గమనించారు. లావా పైకి రావడానికి అరగంట నుంచి కొన్ని గంటల ముందే దాని జాడ తెలుసుకోవచ్చని 2025లో వెల్లడించారు.

అంటే భూకంపాన్ని ముందే చెప్పేస్తారా?

చెప్పలేరు. ఫలానా రోజు, ఫలానా చోట భూకంపం వస్తుందని చెప్పగల పద్ధతి ప్రపంచంలో ఎక్కడా లేదు. డాస్ కూడా చెప్పలేదు. అది చేయగలిగింది వేరు. భూకంపం మొదలయ్యాక, బలమైన తరంగాలు మన ఊరికి చేరేలోగా హెచ్చరించడం.

భూకంపం నుంచి ముందుగా 'పీ' తరంగాలు బయలుదేరతాయి. ఇవి సెకనుకు సుమారు 6 కి.మీ. వేగంతో వస్తాయి, పెద్దగా నష్టం చేయవు. గట్టిగా ఊపే 'ఎస్' తరంగాల వేగం సెకనుకు సుమారు 3.5 కి.మీ. ములుగు జిల్లాలోని ఆ ప్రాంతం హైదరాబాద్‌కు సుమారు 200 కి.మీ. దూరం. పీ తరంగం 33 సెకన్లలో వస్తే ఎస్ తరంగానికి 57 సెకన్లు పడుతుంది. కంపం పుట్టిన చోటి దగ్గర్లోనే సెన్సర్ ఉండి, కొన్ని సెకన్లలో గుర్తించి, ఫోన్లకు కబురు పంపితే హైదరాబాద్ వాసికి అర నిమిషానికి పైగా వ్యవధి దొరుకుతుంది. మెట్రో రైలు వేగం తగ్గించడానికి, లిఫ్టును దగ్గరి అంతస్తులో ఆపడానికి, బల్ల కింద దూరడానికి అది సరిపోతుంది.

అసలు చిక్కు కూడా ఇక్కడే ఉంది. నష్టం ఎక్కువగా జరిగేది భూకంప కేంద్రానికి దగ్గరి ఊళ్లలో. వాళ్లకు దొరికే వ్యవధి దాదాపు సున్నా. అందుకే సెన్సర్లు ఎంత దట్టంగా ఉంటే అంత మేలు. ఒక్కో సీస్మోమీటర్‌కు స్థలం, కరెంటు, కాపలా కావాలి. అన్నిచోట్లా పెట్టలేం. ఫైబర్ మీద ఆశలు పెట్టుకోవడానికి కారణం ఇదే.

మన రెండు రాష్ట్రాల్లో పరిస్థితి ఏమిటి?

పల్లెలకు ఇంటర్నెట్ ఇవ్వడానికి రెండు రాష్ట్రాలూ ప్రజాధనంతో ఫైబర్ వేశాయి. కానీ వేసిన తీరు వేరు.

తెలంగాణలో టీ-ఫైబర్ కేబుళ్లను మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే వేశారు. అవి మట్టిలో ఉన్నాయి. నేల కదిలితే కేబుల్ కదులుతుంది. డాస్‌కు కావాల్సింది అదే. అయితే పక్కనే పైపులో పారే నీటి చప్పుడు, పైన వెళ్లే లారీల అదురు కూడా అందులో కలుస్తాయి. వాటిని వడకట్టాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ కేబుళ్లను ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా లాగారు. ఖర్చు కలిసొచ్చింది, పని వేగంగా అయింది. కానీ గాలి వీస్తే వేలాడే తీగ ఊగుతుంది. నేల కంపం స్తంభం ద్వారా మాత్రమే దానికి చేరుతుంది. అసలు పనికిరాదని కాదు గానీ, పాతిపెట్టిన కేబుల్‌తో సమానం కాదు. ఇంటర్నెట్ కోసం ఆనాడు తీసుకున్న నిర్ణయం ఈ కొత్త అవసరం మీద ప్రభావం చూపుతుందన్నమాట. ఇకపై వేసే లైన్లలోనైనా ఈ విషయం ఆలోచిస్తే మంచిది.

ఏపీకి ఇంకో అవకాశం సముద్రంలో ఉంది. 2004 డిసెంబర్ 26 నాటి సునామీని కోస్తా ప్రజలు మరిచిపోలేదు. దేశానికి సునామీ హెచ్చరికలు ఇచ్చే కేంద్రం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లోనే ఉంది. సముద్రం అడుగున సెన్సర్లు పెట్టడం నేల మీద కన్నా చాలా ఖరీదు. విశాఖకు సముద్ర గర్భ కేబుళ్లు రానున్నాయి. వాటి ఒప్పందాల్లోనే సెన్సింగ్‌కు ఒక పోగు అడిగి పెట్టుకోవడం, కేబుల్ వేశాక బతిమాలడం కన్నా సులువు.

ఇబ్బందులు లేవా?

ఉన్నాయి. ఇంటరాగేటర్ పెట్టెలు ఖరీదైనవి. ఒక్కో పెట్టె నుంచి రోజుకు టెరాబైట్ల లెక్కన డేటా పోగవుతుంది. ఫైబర్ తన పొడవు దిశలో సాగడాన్నే బాగా గుర్తిస్తుంది. అడ్డంగా వచ్చే కదలిక సరిగా తెలియదు. కాబట్టి ఇది సీస్మోమీటర్లకు తోడు తప్ప వాటికి బదులు కాదు. పైగా మన ఊళ్లలో రోడ్డు తవ్వితే ముందుగా తెగేది కేబులే. తెగిన చోటు దాటితే సమాచారం రాదు.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న గోప్యత. భూకంపాన్ని పట్టే కేబుల్ వీధిలో వెళ్లే బండిని, కొన్ని చోట్ల మనిషి అడుగుల సవ్వడిని కూడా పట్టగలదు. ఈ పరిజ్ఞానాన్ని సరిహద్దులు, పైప్‌లైన్ల కాపలాకు ఇప్పటికే వాడుతున్నారు. ఆ డేటా ఎవరి దగ్గర ఉంటుంది, ఎన్నాళ్లు ఉంచుతారు, పోలీసులు అడిగితే ఇస్తారా? ఈ నియమాలు పెట్టె బిగించక ముందే రాసుకోవాలి.

మనకు ఇంత అవసరమా?

2002 నాటి భూకంప మండలాల పటం ప్రకారం హైదరాబాద్ తక్కువ ముప్పున్న రెండో మండలంలో ఉంది. భద్రాచలం, విజయవాడ మూడో మండలంలో ఉన్నాయి. 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. తక్కువ ముప్పు అనుకున్న చోటే 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూర్ ప్రాంతంలో 6.2 తీవ్రత భూకంపం సంభవించి దాదాపు 10 వేల మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది నిద్రలోనే రాతి గోడల కింద నలిగిపోయారు.

లాతూర్ చెప్పే పాఠం ఒకటే. సెకన్ల హెచ్చరిక ఇంట్లో ఉన్నవాళ్లకు ఉపయోగపడాలంటే, ఆ కొన్ని సెకన్లు ఇల్లు నిలబడాలి. ఫైబర్ మీద పెట్టే ఖర్చు, భవనాల అనుమతుల దగ్గర చూపించాల్సిన కచ్చితత్వానికి ప్రత్యామ్నాయం కాదు.

ప్రస్తుతానికి మన చేతిలో ఉన్నవి కొన్ని. ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ భూకంప హెచ్చరికల సదుపాయం 2023 నుంచి మన దేశంలోనూ ఉంది. సెట్టింగ్స్‌లో 'సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ' విభాగంలో అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. కంపం మొదలైతే మెట్ల వైపు పరుగెత్తకండి, లిఫ్ట్ ఎక్కకండి. గట్టి బల్ల కిందకు దూరి, తల కాపాడుకుని, ఊగడం ఆగేదాకా బల్ల కాలు పట్టుకుని ఉండండి. ఇంట్లో పిల్లలకు, పెద్దవాళ్లకు ఈ మాట ఈ రోజే చెప్పి ఉంచండి.