వ్యసనం: మెదడు స్కాన్ చెప్పేదెంత, చెప్పనిదెంత?

సూరత్ నుంచి అహ్మదాబాద్ వైపు రైలెక్కితే కాసేపటికే కిమ్ వస్తుంది. మరమగ్గాలు, చిన్న ఫ్యాక్టరీల ప్రాంతం అది. తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు సూరత్‌లో తరాలుగా బతుకుతున్నాయి. గుజరాత్‌లో 1960లో రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచీ మద్యనిషేధం ఉంది. అయినా 2022 జులైలో బోటాద్, అహ్మదాబాద్ జిల్లాల్లో మిథనాల్ కలిసిన సారా తాగి 40 మందికి పైగా చనిపోయారు. తాగుడు మానలేని మనిషి అక్కడ డాక్టరు కంటే ముందు పోలీసు కంట పడతాడు.

తెలుగువారికీ ఈ అనుభవం ఉంది. దూబగుంట మహిళల ఉద్యమం తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1993లో సారాను, 1995లో మొత్తం మద్యాన్ని నిషేధించారు. 1997లో ఎత్తేశారు. దుకాణం మూసినా తెరిచినా ఇంట్లో ఒక ప్రశ్న మిగిలే ఉంది. మానలేకపోవడం మనసు బలహీనతా, జబ్బా? మెదడు ఇమేజింగ్‌తో వ్యసనంపై పరిశోధన చేసే పీహెచ్‌డీ విద్యార్థి తలకెత్తుకునేది ఈ ప్రశ్ననే.

పరిశోధన ఇలా సాగుతుంది. వ్యసనం ఉన్నవారిని, లేనివారిని ఎఫ్ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెడతారు. ఒకసారి మద్యం సీసా బొమ్మ, మరోసారి నీళ్ల గ్లాసు బొమ్మ చూపిస్తారు. మెదడులో ఏ భాగం పని పెరిగితే అక్కడికి ఆక్సిజన్ ఉన్న రక్తం ఎక్కువగా చేరుతుంది. యంత్రం ఆ తేడాను పసిగడుతుంది. అంటే అది చదివేది ఆలోచనను కాదు, రక్తప్రవాహాన్ని. సీసా బొమ్మకు మెదడులోని ‘బహుమతి’ వలయాలు రెండు బృందాల్లో ఎలా స్పందించాయో లెక్కగట్టి పోలుస్తారు.

పెట్ స్కాన్ ఇంకో దారి. కొకైన్ వాడేవారిలో డోపమైన్ డీ2 గ్రాహకాలు తక్కువగా కనిపిస్తాయని 1990ల్లో నోరా వోల్కోవ్ బృందం చూపించింది. వ్యసనం మెదడు జబ్బు అన్న వాదనకు ఇలాంటి ఫలితాలే బలమిచ్చాయి. 2001లో అదే బృందం ఆశ కలిగించే విషయమూ చెప్పింది. మెథాంఫెటమైన్‌కు ఏడాది, ఆపైన దూరంగా ఉన్నవారిలో దెబ్బతిన్న డోపమైన్ వ్యవస్థ కొంత కోలుకుంది. కానీ జ్ఞాపకశక్తి, కదలికల పరీక్షల్లో మెరుగుదల అంతగా లేదు. పైగా అలా రెండోసారి పరీక్షించింది ఐదుగురినే.

చిక్కు ఈ చిన్న సంఖ్యల దగ్గరే ఉంది. మెదడు ఇమేజింగ్ అధ్యయనాల్లో సాధారణంగా పాతిక మందే ఉంటున్నారని, మెదడు తేడాలను ప్రవర్తనతో నమ్మకంగా ముడిపెట్టాలంటే వేల మంది కావాలని 2022లో ‘నేచర్’ పత్రికలో స్కాట్ మారెక్ బృందం తేల్చింది. లెక్క తప్పితే ఏమవుతుందో 2009లోనే క్రెయిగ్ బెన్నెట్ బృందం చూపించింది. చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి మనుషుల ఫొటోలు చూపిస్తే, గణాంక సవరణ చేయనప్పుడు దాని మెదడూ ‘స్పందించినట్టు’ వచ్చింది!

మన దేశానికి మరో సమస్య ఉంది. స్కాన్లను సరిపోల్చడానికి ప్రపంచమంతా వాడే నమూనాల్లో ప్రధానమైనది మాంట్రియల్‌లో 152 మంది మెదళ్ల సగటుతో తయారైంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి బృందం 100 మంది భారతీయుల స్కాన్లతో 2019లో ఒక మెదడు అట్లాస్ తయారుచేసింది. పాశ్చాత్యులతో పోలిస్తే భారతీయుల మెదడు సగటు ఎత్తు, వెడల్పు, ఘనపరిమాణం తక్కువని అందులో తేలింది. ఇది తెలివికి కొలత కాదు. కొలబద్ద మార్చుకోవాలన్న హెచ్చరిక మాత్రమే.

వ్యసనం విషయంలో ఇలాంటి పెద్ద ప్రయత్నం బెంగళూరు నిమ్హాన్స్ నాయకత్వంలో 2016లో మొదలైన సీ-వేదా. దేశంలోని ఏడు కేంద్రాల్లో 6 నుంచి 23 ఏళ్ల వయసున్న 10 వేల మందిని పరిశీలించడం, వారిలో సుమారు వెయ్యి మందికి మెదడు స్కాన్లు తీయడం దాని లక్ష్యం. ఆ కేంద్రాల్లో ఆంధ్రప్రదేశ్‌లోని రిషీ వ్యాలీ కూడా ఉంది. వ్యసనం ముదిరాక కాకుండా పిల్లలు పెరుగుతున్నప్పుడే చూడటం ఇందులో ముఖ్యం. ముందు ఏది, తర్వాత ఏది అన్నది అప్పుడే తెలుస్తుంది. మెదడులో తేడా వల్ల తాగుడు వచ్చిందా, తాగుడు వల్ల తేడా వచ్చిందా అన్నది ఒక్క స్కాన్ చెప్పలేదు.

కాబట్టి కుటుంబాలు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఈ ఫలితాలు బృందాల సగటులు. ఫలానా మనిషి వ్యసనపరుడని, మళ్లీ తాగుతాడని ఒక స్కాన్ బొమ్మ తేల్చదు. డాక్టర్లు వ్యసనాన్ని నిర్ధారించేది లక్షణాలను బట్టే. వైద్యానికి స్కాన్ కోసం ఆగాల్సిన పని లేదు.

అసలు కొరత వైద్యానిదే. 2019లో కేంద్రం విడుదల చేసిన ఎయిమ్స్ సర్వే ప్రకారం దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. వారిలో 5.7 కోట్ల మందికి సాయం అవసరం. మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది.

మద్యం, మాదకద్రవ్యాల వాడకంతో ముడిపడిన మానసిక స్థితులను 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం జబ్బుల్లోనే చేర్చింది. శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలనీ చెప్పింది. కానీ 2019లో బీమా నియంత్రణ సంస్థ ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపుల్లో పన్నెండోది వ్యసనాలకు చేసే చికిత్సే. ఒక చట్టం జబ్బంటే, పాలసీ కాగితం కాదంటోంది.

పరిశోధక విద్యార్థి తన ప్రశ్నకు జవాబు రాబట్టడానికి ఇంకా వేల స్కాన్లు, ఏళ్ల సమయం కావాలి. ఆ మినహాయింపును తీసేయడానికి మాత్రం స్కాన్ అక్కర్లేదు.