కళాశాలకు సంసిద్ధత యెవరిది?

ఏటేట వేసవి నడుమ పరీక్షాఫలితములు వెలువడుటయు, మరునాటి పత్రికలలో నిండుపుటల ప్రకటనలందు బాలబాలికల ఛాయాచిత్రములు ర్యాంకు సంఖ్యలతో వరుసలు తీరుటయు మన దేశమున నొక ఉత్సవమువంటిదైనది. ఆ సందడి అణగి రెండు నెలలైన గాకమునుపే కళాశాలల ఆచార్యుల నోట వేరొక మాట వినబడుచున్నది. వచ్చిన పిల్లలు పైచదువునకు సిద్ధముగా లేరట. పాఠ్యగ్రంథమును తమంత తాము చదువుకొనలేరు. విన్నదానిని సొంత మాటలలో నాలుగు వాక్యములు వ్రాయలేరు. ప్రయోగశాలలో పరికరమును ముట్టుటకే జంకెదరు. ఈ ఫిర్యాదు అసత్యమని మేమనము. కాని నూటికి తొంబదికి పైబడి మార్కులు వచ్చిన పిల్లవాడు సిద్ధముగా లేడన్నచో, ఆ మార్కులు కొలిచినదేమి? ఈ ప్రశ్నను ఆచార్యులును, ప్రభుత్వములును, తలిదండ్రులును గూడ దాటవేయుచున్నారు.

ప్రశ్న క్రొత్తది కాదు. చెన్నరాజధానిలో మెట్రిక్యులేషను పరీక్షయే కళాశాలకు ద్వారమైయుండిన దినములలో శ్రీనివాస రామానుజన్ అందు నెగ్గి, 1904లో కుంభకోణము ప్రభుత్వ కళాశాలలో విద్యార్థివేతనముతో చేరెను. గణితముదక్క వేరొండు పట్టక యుండుటచే వేతనము పోయినది. పిమ్మట చెన్నపట్టణమున పచ్చయప్ప కళాశాలలో చేరియు, 1907లో ఎఫ్.ఏ. పరీక్షలో గణితము గాక తక్కినవాని యన్నిట తప్పెను. 1918లో లండనులోని రాయల్ సొసైటీ ఆయనను తన ఫెలోగా ఎన్నుకొన్నది. ఇట్టివాడు నూఱేండ్లకొక్కడు, ఆయన పేరు చెప్పి పరీక్షలన్నియు వ్యర్థములని వాదించుట మా యుద్దేశము గాదు. ఒక పరీక్ష సిద్ధుడనియు, మరియొకటి అసిద్ధుడనియు పలికినవి. రెండును కాగితమునే చూచినవి గాని పిల్లవానిని చూడలేదు.

ఈ లోపము ఆ కాలపు పెద్దలకు తెలియకపోలేదు. 1911 ప్రాంతమున మెట్రిక్యులేషనుకు మారుగా వచ్చిన ఎస్.ఎస్.ఎల్.సి. పద్ధతిలో పిల్లవానికొక పుస్తకమునిచ్చి, అందు తుదిపరీక్ష మార్కులతోబాటు పాఠశాలలో పడిన మార్కులను గూడ నమోదు చేయుచుండిరి. ఒక్కనాటి వ్రాతగాక, నడచివచ్చిన త్రోవ కొంతయైనను చదువరికి కానవచ్చును. నేడు మనము మరల నొక్క ఉదయపు పరీక్షకే చేరితిమి. ఇంజనీరింగు ప్రవేశపరీక్షలో ఇంటర్మీడియట్ మార్కులకుండిన 25 పాళ్ల విలువను తెలంగాణ 2023లో తీసివేసినది. ఆ మార్కులే నమ్మదగినవి కావందురా? కావచ్చును, అయినచో వానిని నమ్మదగినవిగా చేయవలసినదే గాని ఊడబెరికివేయుట చికిత్స యగునా?

ఇక అసలు సంగతికి వత్తము. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో పదియవ తరగతి వరకు తెలుగున చదివిన కూలివాని కుమార్తెను తలచుకొనుడు. ఆమెకు ద్రవ్యవేగమన నేమో తెలియును; త్వరణమునకును వేగమునకును గల భేదము తెలియును; కిరణజన్యసంయోగక్రియను మీకును మాకును విప్పి చెప్పగలదు. ఇంటర్మీడియట్‌లో తొలినాడు ఉపన్యాసకుడు 'మొమెంటమ్' అని నల్లబల్లపై వ్రాసి సాగిపోవును. ఆమె తలవంచుకొని కూర్చుండును. ఎఱిగిన వస్తువునే ఎఱుగని పేరుతో పిలిచినారని ఆమెకు చెప్పువారు లేరు. పది దినములు గడచునప్పటికి మాట తెలియని పిల్ల విషయము తెలియని పిల్లగా లెక్కకు వచ్చుచున్నది. ఇరువది దినములకు తానును అదియే నమ్ముచున్నది. పట్టణమున వేలు పోసి ఆఱవ తరగతినుండియే ప్రవేశపరీక్షలకు తర్ఫీదైన పిల్లవాడు ఆమె ప్రక్కబల్లపై కూర్చుండియుండును. వానికి ఆ పేర్లు కొట్టినపిండి. వాడు మొమెంటమును ఆమెకన్న బాగుగ నెఱుగునా యని యడిగినవారు లేరు.

పరీక్షలును ఇట్లే యున్నవి. జె.ఇ.ఇ. మెయిన్సు 2021 నుండి తెలుగునను వ్రాయవచ్చును. దానిని దాటి అడ్వాన్స్‌డుకు పోయినచో ఇంగ్లీషు, హిందీలు దక్క వేరు భాష లేదు. మొదటి మెట్టు మన భాషలోను, రెండవ మెట్టు పరభాషలోను కట్టి, ఎక్కలేకపోయినవానిది కాళ్లలోపమనుట మన కలవాటైనది. బోధనభాషను గూర్చిన పెద్ద వివాదమును ఇచ్చట తీర్చబూనము. ఏ పక్షము గెలిచినను, ఈ యేడు ద్వారముకడ నిలిచిన పిల్లకు దానివలన ఒరుగునది లేదు.

ఏమియు చేయలేమనువారికి మన నేలపైనే యొక సమాధానమున్నది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో వెలసిన, ట్రిపుల్ ఐటీలని జనులు పిలుచు విద్యాలయములు, పదియవ తరగతి ముగించిన గ్రామీణులనే ప్రధానముగా చేర్చుకొని, రెండేండ్లు పూర్వవిద్యయు, నాలుగేండ్లు ఇంజనీరింగును ఒక్కచోటనే నేర్పునట్లు ఏర్పడినవి. పదియవ తరగతిలో గ్రేడు పాయింట్లిచ్చిన సంవత్సరములలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు 0.4 కలిపి ఎంపిక చేసిరి. ఆ భిన్నము చిన్నదియే. కాని దాని వెనుకనున్న తలంపు పెద్దది. ఎంత దూరమునుండి నడచివచ్చెనో చూడక ఎచ్చట నిలిచెనో కొలుచుట అసంపూర్ణమని ఒక ప్రభుత్వసంస్థ లెక్కలోనే ఒప్పుకొన్నది. ఆ విద్యాలయములలో కొఱతలు లేవనము. భోజనమును గూర్చియు, ఆచార్యుల కొఱతను గూర్చియు విద్యార్థులు వీధికెక్కిన సందర్భములు కలవు. ఆ కొఱతలు పాలకులవి, తలంపుది కాదు.

ప్రమాణములు దిగజారునని కొందరు బెదరించుచున్నారు. పిల్లవానికి కాలమిచ్చుట వేరు, మార్కులిచ్చుట వేరు. తుదిపరీక్ష అందరికిని ఒక్కటియే యుండనిండు. దానికి చేరు త్రోవలో, తొలి మూడు నెలలు తెలుగు పేరును ఇంగ్లీషు పేరును ప్రక్కప్రక్కన చెప్పి, పుస్తకము చదువుటయు, చదివినది వ్రాయుటయు, చేతితో తూచి కొలుచుటయు నేర్పుటవలన ఏ ప్రమాణము భగ్నమగును? ఉన్నత పాఠశాలలలో తాళము పడిన ప్రయోగశాలలను తెరచుట మొదట జరుగవలసిన పని, అది ప్రభుత్వములది. ఈ మూడు నెలల పని మాత్రము కళాశాలలది, దానికి కొత్త చట్టము కాని కొత్త భవనము కాని అక్కరలేదు.

పఠనమందిరములలో ఈ పంక్తులు చదువు తలిదండ్రులలో పలువురు ఈ యేడును పిల్లలను కళాశాలకు పంపనున్నారు. రుసుమెంత, ర్యాంకులెన్ని యని అడుగుటతోబాటు, మొదటి సంవత్సరపు కాలపట్టికలో ఇట్టి గంట యొకటి యున్నదా యని ప్రిన్సిపాలుగారిని అడిగి, పట్టికను చూపుమని కోరవలయును.