విశ్రాంతి మన హక్కుల జాబితాలో లేదా?

నేపాల్ వెళ్ళి పారాగ్లైడింగ్ నేర్చుకుంటానని ఇంట్లో చెప్పినప్పుడు మా అత్తయ్య అడిగిన మొదటి ప్రశ్న: “కాలో చెయ్యో విరిగితే వంటెవరు చేస్తారమ్మా?” ఆమెకు నా మీద ప్రేమ లేక కాదు. నలభై ఏళ్ళు ఆ ఇంటికి వండిపెట్టిన మనిషి. నాకేమవుతుందోనన్న భయం కూడా ఆమెకు వంటింటి రూపంలోనే వచ్చింది. ఆ ప్రశ్న నాతోపాటు పోఖరా దాకా వచ్చింది.

మేం నలుగురం స్నేహితులం. ఒకామె టీచరు, ఒకామె అంగన్‌వాడీ సూపర్‌వైజరు, మిగిలిన ఇద్దరం స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తున్నాం. ఇరవై ఏళ్ళుగా సభలకూ శిబిరాలకూ ధర్నాలకూ కలిసే తిరిగాం. కానీ పని లేకుండా కలిసి ఎక్కడికీ వెళ్ళలేదని ఒకరోజు హఠాత్తుగా గుర్తొచ్చింది. రెండేళ్ళు చిట్టీ కట్టాం. గోరఖ్‌పూర్ దాకా రైలు, సునౌలీ దగ్గర సరిహద్దు దాటి, కొండదారిలో బస్సు.

పోఖరాలో ఫేవా సరస్సు మీద రంగురంగుల పారాగ్లైడర్లు గాలిపటాల్లా తిరుగుతుంటాయి. సుమారు 1,600 మీటర్ల ఎత్తున్న సారంగ్‌కోట్ కొండ మీంచి ఎగిరేవి అవి. అనుభవమున్న పైలట్ ముందు కూర్చుని మనమూ ఎగరొచ్చు. కానీ మాకు ఒకరు తిప్పితే తిరగడం కాదు, స్వయంగా నేర్చుకోవడం కావాలనిపించింది. నాలుగు రోజుల ప్రాథమిక శిక్షణలో చేరాం. దరఖాస్తు నింపుతుంటే అక్కడి గుమాస్తా “ఇంట్లోవాళ్ళకి తెలుసా?” అని మా నలుగురినీ అడిగాడు. మాతోపాటు చేరిన ఇద్దరు కుర్రాళ్ళని మాత్రం అడగలేదు.

మొదటి రెండు రోజులూ ఎగరడమే లేదు. మైదానంలో నిలబడి, గాలికి ఎదురుగా ఆ గుడ్డరెక్కను తలమీదికి లేపి నిలపడమే సాధన. ప్రతి రెక్కకూ ఇంత బరువు మనిషికి అని ఒక లెక్క ఉంటుంది. బరువు చాలకపోతే రెక్క గాలి చెప్పినట్టు వింటుంది గానీ మన మాట సరిగ్గా వినదు. నా బరువు 46 కిలోలు. అక్కడున్న చిన్న రెక్క ఒక్కటే. మేం ముగ్గురం దాని కోసం వంతులు వేసుకున్నాం. ‘మామూలు సైజు’ అంటే ఎవరి సైజో మళ్ళీ ఒకసారి తెలిసింది.

మూడో రోజు చిన్న వాలు మీదికి తీసుకెళ్ళారు. శిక్షకుడు పదేపదే చెప్పింది రెండే మాటలు: “కాళ్ళకేసి చూడకండి, ఎదురుగా చూడండి. నేల మిమ్మల్ని వదిలేదాకా పరుగు ఆపకండి.” వినడానికి తేలికే. కానీ తల వంచుకుని నడవమనీ, ఆడపిల్ల పరుగెత్తకూడదనీ చిన్నప్పటినుంచీ నేర్పిన ఒంటికి అది ఎంత కష్టమో! మూడుసార్లు సగంలో ఆగిపోయాను. నాలుగోసారి ఆగలేదు. గాలిలో ఉన్నది ఇరవై సెకన్లు కూడా కాదు. దిగుతూ బ్రేకులు ఆలస్యంగా లాగి మోకాళ్ళ మీద పడ్డాను. అయినా ఆ పూటంతా నవ్వుతూనే ఉన్నాను.

నాలుగో రోజు టీచరు స్నేహితురాలు “నేనివాళ ఎగరను” అంది. ఎందుకని ఎవరూ అడగలేదు, బతిమాలలేదు. ఎగరాలా వద్దా అన్నది ఎగిరే మనిషే తేల్చుకోవాలన్నది ఆ విద్యలో మొదటి పాఠం. మనం ‘వద్దు’ అంటే అక్కడితో ఆగిపోయే చోట్లు మన జీవితాల్లో ఎన్నున్నాయి?

ఆ వాలు మీదే ఊరి స్త్రీలు గడ్డి కోసి, బుట్టల్లో నింపి, నుదుటికి పట్టీ తగిలించుకుని మోసుకుపోతున్నారు. మాకు ఆటస్థలమైన కొండ వాళ్ళకు పనిచోటు. సిగ్గనిపించింది. చిట్టీ కట్టగలగడం, సెలవు దొరకడం మా నలుగురికీ ఉన్న సౌకర్యాలే. అయితే దీనికి జవాబు మనం కూడా విశ్రాంతి మానుకోవడం కాదు, వాళ్ళకూ తీరిక కావాలని అడగడం.

1948 నాటి విశ్వ మానవహక్కుల ప్రకటన 24వ అధికరణం విశ్రాంతినీ తీరికనూ హక్కులుగా చెప్పింది. స్త్రీలపై వివక్షను రూపుమాపడానికి 1979లో వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం 13వ అధికరణంలో వినోదం, క్రీడలు ఉన్నాయి. మన దేశం 1993లో దాన్ని ఆమోదించింది. కానీ 2024 జాతీయ సమయ వినియోగ సర్వే చూడండి: ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తే, చేసే పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు. ఈ తేడాలోనే మన తీరిక పోతోంది.

కూలి గురించి, హింస గురించి, ఆస్తి గురించి మనం పోరాడాం, పోరాడుతున్నాం. తీరిక మాటెత్తితే మాత్రం అది డబ్బున్నవాళ్ళ సరదా అని మనమే కొట్టేస్తాం. మన సంఘాల్లో పనిచేసే స్త్రీలు ఏ పనీ లేకుండా చివరిసారి ఎప్పుడు కూర్చున్నారో ఈసారి సమావేశంలో అడిగి చూడండి.

తిరిగొచ్చాక మా అత్తయ్య నా మోకాళ్ళకు పసుపు రాస్తూ, “పైనుంచి చూస్తే ఎలా ఉందే?” అని అడిగింది. ఆ వారం వంట మా ఇంట్లో మగవాళ్ళు చేశారట. ఎవరూ పస్తుండలేదు.