మిథునంలో పసినక్షత్రాలు

చచ్చిన నక్షత్రం పక్కన పసినక్షత్రాలు కనిపిస్తే “ఇది పోయింది గనుకనే అవి పుట్టాయి” అనెయ్యడం మనకు మహా సులువు. లయం వెంట సృష్టి అని పురాణాల్లో విని పెరిగినవాళ్ళం గదా! ఆ ముచ్చట నాకూ ఇష్టమే. కాని ముందు పుట్టినతేదీలు సరిచూడాలి.

ఆరుద్ర నక్షత్రం మీరెరిగినదే. దానికి ఉత్తరంగా, కాస్త తూర్పుకు జరిగితే మిథునరాశి పాదాల దగ్గర పేలిపోయిన నక్షత్రం ఒకదాని శిథిలాలున్నాయి. జాబితాలో దాని పేరు ఐ.సి. 443. సుమారు 5,000 కాంతి సంవత్సరాల దూరం. ఆ పేలుడు తాకిడి పక్కనున్న చల్లని వాయుమేఘాన్ని గుద్దుకుంటున్నది. నక్షత్రాలు పుట్టేది ఇటువంటి మేఘాల్లోనే.

విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో వేధశాల నడిపిన అంకితం వెంకట నరసింగరావుగారు 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగిపోవడం చూశారు. అటువంటి దుర్భిణికి ఈ మేఘం గుట్టు చిక్కదు. అందులో నిండా ఉన్న హైడ్రోజన్ అణువులు ఆ చలిలో ఉలకవు, పలకవు. పదివేలకు ఒకటి చొప్పున వాటిలో కలిసి ఉన్న కార్బన్ మోనాక్సైడు మాత్రం 2.6 మిల్లీమీటర్ల రేడియో అలలతో పలుకుతుంది. ఆ పలుకును 1970లో అమెరికాలో మొదట పట్టుకున్నారు.

అన్నట్లు, విశాఖవాసులకు ఈ వాయువు కొత్త కాదు. ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్న బ్లాస్ట్ ఫర్నేసులు ఉన్నాయి చూడండి, వాటిలో కోక్ మండి పుట్టేది ఇదే. ఖనిజంలోని ప్రాణవాయువును లాగేసి ఇనుమును విడదీసేది ఇదే. రంగూ వాసనా లేకుండా మనిషి ప్రాణం తీసేదీ ఇదే సుమండీ!

కదలని వాయువు ఒకే శ్రుతిలో పలుకుతుంది. దెబ్బతిన్న చోట అణువులు సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతాయి గనుక శ్రుతి చెదురుతుంది. వచ్చే రైలు కూత ఒక రకంగా, పోయే రైలు కూత మరో రకంగా వినిపించడం లేదూ? మిథునంలో శ్రుతి బాగానే చెదిరింది. కనుక మేఘానికి దెబ్బ తగిలిన మాట నిజం.

ఇక వయస్సులు. పేలుడు సంగతి మూడువేల ఏళ్ళ నాటిదని కొందరు, ముప్పైవేల ఏళ్ళ నాటిదని కొందరు లెక్కకట్టారు. పెద్ద లెక్కే తీసుకుందాం. సూర్యుడి వంటి నక్షత్రం మేఘంలో ముద్దకట్టి, కుంచించుకొని, ఒక రూపానికి రావడానికి లక్షల ఏళ్ళు పడుతుంది. నిరుడు పెళ్ళయిన దంపతుల ఇంట్లో పదేళ్ళ కుర్రాడు కనిపిస్తే ఏ మేనల్లుడో అనుకుంటాం గాని కొడుకనుకోం గదా!

ఆ పసినక్షత్రాలకు కారణం పేలుడు కాదనీ, ఆ పెద్ద నక్షత్రం బతికున్న రోజుల్లో లక్షల ఏళ్ళపాటు విసిరిన గాలి మేఘాన్ని నొక్కి ఉండవచ్చుననీ 2011లో కొందరు పరిశోధకులు చెప్పారు. నాకిది సబబుగానే తోస్తున్నది.

ఇప్పుడు దెబ్బతింటున్న ముద్దల్లో కొన్ని చెల్లాచెదరైపోతాయి. గట్టివి నిలిస్తే వాటిలోనుంచి నక్షత్రాలు రావచ్చు. వాటి పుట్టినతేదీ చూసుకోవాలంటే మరో లక్ష ఏళ్ళ తరవాతి పంచాంగం కావాలి.