నిర్మాణ పనుల్లో సామాజిక బాధ్యత: కాంట్రాక్టర్లను కదిలించేది టెండరు షరతు, బిల్లు చెల్లింపులే

హైదరాబాద్: ప్రజాధనంతో చేపట్టే పనిలో కట్టడంతో పాటు కార్మికులకు భద్రత, స్థానికులకు ఉపాధి, యువతకు నైపుణ్యం, చిన్న సంస్థలకు అవకాశం కల్పించడాన్ని సామాజిక సేకరణ విధానంగా వ్యవహరిస్తున్నారు. కాంట్రాక్టర్లు దీనిని ఎప్పుడు స్వీకరిస్తారు, ఎక్కడ వెనుకంజ వేస్తారు అనే అంశాన్ని నగర నడిబొడ్డున గల అమీర్‌పేట, పంజాగుట్టలలో జరిగిన నిర్మాణాల నేపథ్యంలో పరిశీలించవచ్చును.

ప్రజల మధ్య పని

2007 సెప్టెంబరు 9న పంజాగుట్టలో నిర్మాణంలో ఉన్న ఫ్లైఓవర్ భాగం కూలి కింద వెళ్తున్న వాహనాలపై పడగా ప్రాణనష్టం సంభవించింది. రద్దీ కూడళ్లలో కార్మికుల భద్రత, బాటసారుల భద్రత వేర్వేరు కావని ఈ ఘటన స్పష్టం చేసింది. ఇటువంటి చోట ప్రమాదం జరిగితే పని నిలిచిపోవడమే గాక సంస్థ పేరుకు, తదుపరి టెండర్ల అర్హతకు ముప్పు వాటిల్లుతుంది. భద్రతపై కాంట్రాక్టర్లు శ్రద్ధ వహించడానికి ఇది మొదటి కారణం.

నైపుణ్య అవసరం

2010 సెప్టెంబరు 4న ఒప్పందం కుదిరిన హైదరాబాద్ మెట్రో రైలు ప్రాజెక్టులో రెండు కారిడార్లు అమీర్‌పేట వద్ద కలుస్తాయి. ఈ స్టేషను 2017 నవంబరులోను, పంజాగుట్ట మీదుగా ఎల్బీనగర్ మార్గం 2018 సెప్టెంబరులోను ప్రజలకు అందుబాటులోకి వచ్చాయి. ఉప్పల్, కుత్బుల్లాపూర్ యార్డులలో ముందుగా తయారుచేసిన కాంక్రీటు భాగాలను తెచ్చి రహదారి మధ్యలోని స్తంభాలపై అమర్చారు. ఇటువంటి పనిలో శిక్షణ లేని కార్మికుని వలన కలిగే జాప్యం, శిక్షణకయ్యే ఖర్చు కన్న ఎక్కువ భారం. అందువలన శిక్షణ ఇవ్వడం కాంట్రాక్టరుకు లాభదాయకమే. 1998లో హైదరాబాద్‌లో నెలకొల్పిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్‌లో ప్రభుత్వంతో పాటు నిర్మాణ రంగ ప్రతినిధులు భాగస్వాములు కావడానికి ఈ అవసరమే మూలం.

చట్టం నుండి బిల్లు వరకు

భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం, సెస్సు చట్టం 1996లో వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సంక్షేమ మండలి ఏర్పడినది 2007లో. చట్టం ఉన్నంత మాత్రాన అమలు కాదనుటకు ఈ పదకొండేళ్ల వ్యవధియే నిదర్శనం. అదే సమయంలో 1998 నాటి సెస్సు నిబంధనలు ప్రభుత్వ పనుల్లో ఒక శాతం మొత్తాన్ని బిల్లు నుండే మినహాయించాలని నిర్దేశించాయి. ఈ పద్ధతిలో ఎగవేతకు తావు తక్కువ. పోటీదారులందరికీ భారం సమానం కనుక ఏ కాంట్రాక్టరూ నష్టపోడు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక కోడ్‌లు పాత చట్టాల స్థానాన్ని తీసుకున్నప్పటికీ, ఒకటి నుండి రెండు శాతం వరకు సెస్సు విధించే సూత్రం సామాజిక భద్రతా కోడ్‌లో కొనసాగింది.

తక్కువ ధరతో చిక్కు

ఉమ్మడి రాష్ట్రంలో 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ ప్రవేశపెట్టడంతో టెండర్లలో పారదర్శకత, పోటీ పెరిగాయి. అయితే అర్హత నిర్ధారణ అనంతరం తక్కువ ధర కోట్ చేసిన వారికే పని దక్కే పద్ధతిలో, కార్మికుల వసతికి, శిశు సంరక్షణకు, శిక్షణకు స్వచ్ఛందంగా సొమ్ము కేటాయించే సంస్థ వెనుకబడుతుంది. చిన్న సంస్థల నుండి 25 శాతం కొనుగోళ్లు జరపాలన్న కేంద్ర విధానం వస్తువులకు, సేవలకే గాని వర్క్స్ కాంట్రాక్టులకు వర్తించదు. ఈ లోటును టెండరు షరతులే పూరించవలసి ఉన్నది.

మేస్త్రీల గొలుసు

ప్రధాన కాంట్రాక్టరుకు, పాలమూరు, శ్రీకాకుళం, ఒడిశా, బీహార్‌ల నుండి వలస వచ్చిన కార్మికునికి మధ్య సబ్ కాంట్రాక్టర్లు, మేస్త్రీలు ఉంటారు. పై స్థాయిలో అంగీకరించిన షరతు కింది స్థాయికి చేరక ముందే ఆవిరయ్యే ప్రమాదం ఇక్కడే ఉన్నది. కాంట్రాక్టరు వేతనం చెల్లించనప్పుడు ప్రధాన యజమాని చెల్లించి, ఆ మొత్తాన్ని అతని నుండి రాబట్టుకోవాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం నిర్దేశించినది ఇందుకే.

సంక్షేమ వ్యయాన్ని అంచనాలోనే ప్రత్యేక అంశంగా చేర్చి, పోటీ ధర నుండి మినహాయించి, వేతన చెల్లింపు, కార్మికుల నమోదు ఆధారాలు చూపిన మీదటనే బిల్లు మంజూరు చేసినచో కాంట్రాక్టర్లకు తప్పించుకొనవలసిన అవసరం గాని, అవకాశం గాని ఉండదు. ఆ షరతును అంచనా తయారుచేసే ఇంజనీరు, బిల్లు పరిశీలించే అధికారి ఇరువురూ పాటించినప్పుడే దాని ఫలితం పని స్థలంలోని కార్మికునికి అందుతుంది.