గౌరవంగా నిలబడితే చాలదా?



జాతీయగీతం పాడని విద్యార్థిని బడి నుంచి పంపేయడం సబబేనని గత సంచికలో ఒక పాఠకుడు రాశారు. ఆ వాదన 1986లోనే సుప్రీంకోర్టు ముందు వీగిపోయింది.

కేరళలో 1985లో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లల్ని బడి నుంచి తీసేశారు. గీతం వస్తుంటే వాళ్లు అందరితోపాటు గౌరవంగా నిలబడేవారు. మతవిశ్వాసం వల్ల గొంతు మాత్రం కలిపేవారు కాదు. వాళ్లు బుద్ధిగా నడిచేవారనీ, గీతాన్ని అగౌరవపరచలేదనీ విచారణలోనే తేలింది. అయినా హైకోర్టు వారి మొర వినలేదు.

సుప్రీంకోర్టులో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, జస్టిస్ ఎం.ఎం. దత్ ధర్మాసనం ఆ బహిష్కరణ చెల్లదంది. గీతం పాడి తీరాలనే చట్టమేదీ లేదని, రాజ్యాంగంలోని 19(1)(ఎ), 25(1) అధికరణాలిచ్చిన భావప్రకటన, మతస్వేచ్ఛ హక్కులను శాఖాపరమైన సర్క్యులర్లతో లాక్కోలేరని తేల్చింది. జాతీయ గౌరవానికి అవమానాలను నిరోధించే 1971 నాటి చట్టం శిక్షించేది గీతాన్ని అడ్డుకునేవారిని, పాడే సభను చెదరగొట్టేవారిని. మౌనంగా నిలబడ్డవారిని కాదు. జెండా వందనం విషయంలో అమెరికా సుప్రీంకోర్టు 1943లోనే ఇదే దారి పట్టింది.

మన సుప్రీంకోర్టు తీర్పు అల్లరికి ఇచ్చిన లైసెన్సు కాదు. గీతానికి అడ్డుతగిలితే బడి చర్య తీసుకోవచ్చు. కానీ పిల్లల టీసీపై సంతకం పెట్టేముందు ప్రధానోపాధ్యాయులు ఈ తీర్పును ఒకసారి చదవాలని మనవి.

– ఒక ఉపాధ్యాయుడు, ఒంగోలు