వెండి లేని వెండి నాణేలు

శ్రీనాథుడికి దీనార టంకాలతో కనకాభిషేకం జరిగిందని క్లాసులో చదువుకున్నాం కదా. ఆ ‘దీనారం’ రోమన్ల ‘దెనారియస్’ నుంచి వచ్చిన మాటే. మన దగ్గర బంగారానికి పేరైంది గాని, రోములో అది వెండి నాణెం. ఆగస్టస్, టైబీరియస్ కాలపు దెనారియస్‌లు ఇక్కడి కోయంబత్తూరు, కరూరు వైపు కుండలతో దొరికాయి. మంచి వెండి మరి!

సేకరించేవాళ్ళ మోజంతా వాటి మీదే. నాకైతే తర్వాతి చెడ్డకాలపు నాణేలే ఎక్కువ మాట్లాడతాయనిపిస్తుంది. క్రీ.శ. 235 నుంచి 284 లోపల రోముకు ఇరవై మందికి పైగా చక్రవర్తులు. చాలామంది సొంత సైనికుల చేతుల్లోనే పోయారు. సైన్యానికి జీతాలివ్వాలి, వెండి చాలదు. అంతకుముందే, 215లో, కరకల్లా ‘అంటోనినియానస్’ అనే నాణెం తెచ్చాడు. విలువ రెండు దెనారియస్‌లట, అందులో వెండి మాత్రం ఒకటిన్నరకే. మొదట్లో సగం దాకా ఉన్న వెండి 268 నాటికి నూటికి ఐదు పాళ్ళు కూడా లేదు. రాగి మీద పూత, అంతే. జనం ఊరుకుంటారా? పాత వెండి దాచుకుని కొత్తది ఖర్చుపెట్టారు.

వాటి మీద రాత చూడాలి. సైనికులు రాజుల్ని చంపుతున్న రోజుల్లోనే ‘ఫిడెస్ మిలిటమ్’, అంటే సైనికుల విశ్వాసం! ఎటుచూసినా యుద్ధం, నాణెం మీద ‘పాక్స్’, శాంతి. ఏది కరువైతే దాని పేరే అచ్చువేశారు. (ఈ అలవాటు ఇంకా ఎక్కడెక్కడ ఉందో మీరే చూసుకోండి.) రాణులూ ఉన్నారు. రాజు తలకు కిరణాల కిరీటం, రాణి భుజాల కింద నెలవంక. డెసియస్ భార్య ఎట్రుస్కిల్లా గురించి మనకు తెలిసిన కాస్తా ఎక్కువగా నాణేలు, శాసనాల వల్లే. ఆమె నాణేల మీద తరచు కనిపించే మాట ‘పుడికీటియా’, శీలం. ఆడవాళ్ళకు ఏ మాట కేటాయించారో గమనించారా?

ఇక నా అసలు గొడవ. “పొలంలో దొరికింది, చౌకగా ఇస్తాం” అంటే కొనకూడదు. 1878 చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలి. చట్టం సంగతి అలా ఉంచినా, కుండలోని అన్నిటికన్నా కొత్త నాణెమే అది ఎప్పటి తర్వాత పాతిపెట్టిందో చెప్పేది. ఆ ఒక్కటీ ఎవరి ఆల్బంలోకో పోతే మిగతావన్నీ మూగవైపోతాయి. కరిగించేవాడికీ విడదీసి అమ్మేవాడికీ నాకు పెద్ద తేడా కనపడదు.

చూడాలనుంటే చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో రోమన్ నాణేలున్నాయి. మన అమరావతి శిల్పాలూ అక్కడే. ఈసారి టూరుకు అక్కడికి తీసుకెళ్ళమని మేడమ్ గార్లను అడుగుదామా?